నల్లదా, తెల్లదా

నల్లది గాల్లోకి లేచి మోకాలెత్తున నిలబడి జుయ్యిమంటోంది. ఇంకాస్త పైకి లేపుదామని ఆమె రిమోటు మీద కుడిచేతి కింద ఉన్న పుల్లని తనవైపు లాగింది. అది పైకి లేవలేదు సరికదా, రివ్వున వెనక్కి వచ్చి, ఆమె పక్కనే నిలబడ్డ భర్త పొట్టలో గుద్దుకుని కొట్టు వెనక పేర్చిన అట్టపెట్టెల గుట్ట మీద పడింది.

కెమెరాల కొట్టు యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పరిగెత్తుకొచ్చాడు. ముందు డ్రోనుని తిప్పి తిప్పి చూశాడు. రెక్కలన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక మనిషి వైపు చూశాడు.

“నాకేం కాలేదు లెండి,” అన్నాడు భర్త, ఎవరూ అడక్కపోయినా.

“అక్కా, లేపడం ఎడమచేత్తో. కుడిచేత్తో అయితే ముందుకీ వెనక్కీ పోతుంది.”

“ఎత్తేది కుడిచేత్తో కదా తమ్ముడూ, ఎక్కడైనా?”

“ఎక్కడైనా అంటే ఎక్కడ?”

భర్త అందుకున్నాడు. “మా ఆవిడ క్రేను నడిపేది. పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలో ఉంటుంది చూడండి, అది.”

“నడిపేదేంటి? నడుపుతాను,” అంది ఆమె చటుక్కున. అన్నాక తనకే సిగ్గేసింది. క్రేను దిగి నెల దాటిపోయింది. సైటులో అందరూ ‘పైనక్క’ అని పిలిచే మనిషి ఇప్పుడు స్టోరు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళకి చేతి తొడుగులూ హెల్మెట్లూ అందిస్తోంది. ఆ సంగతి చేతులకి ఇంకా ఎక్కలేదు. క్రేను మీద ఎడమచెయ్యి తిప్పడానికి, కుడిచెయ్యి కొక్కేన్ని ఎత్తడానికి. కుడి లివరు తనవైపు లాగితే లేస్తుంది, అవతలికి తోస్తే దిగుతుంది. ఇన్నేళ్ళ అలవాటుని అరచేతిలో పట్టే బొమ్మ వచ్చి మార్చమంటే మారుతుందా?

కొట్టతను రెండోదాన్ని తీసుకొచ్చి నేలమీద పెట్టాడు. ఇది తెల్లది. కాసేపు లేవలేదు. ఉపగ్రహాలని వెతుక్కుంటోందని అతను చెప్పాడు. వెతుక్కోవడం అయ్యాక నింపాదిగా లేచి నుదుటి ఎత్తున నిలబడింది.

“ఇప్పుడు చేతులు తీసెయ్యండి అక్కా.”

ఆమె తీసేసింది. తెల్లది అక్కడే నిలబడింది. గాలి వీచి అట్టపెట్టె మూత ఒకటి లేచి కొట్టుకుంది గానీ ఇది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నచోటే ఉంది. సిగ్నలు పోతే ఎగిరినచోటికి దానంతటదే తిరిగి వస్తుందట కూడా.

“దీనికి మనతో పనేముంది ఇంక?” అంది ఆమె.

కొట్టతను నవ్వాడు. “చూడండక్కా, రెండూ ఇంచుమించు ఒకే ధర. నల్లదాని కళ్ళు మంచివి, తెల్లదాని బుద్ధి మంచిది. బొమ్మ అద్దంలా రావాలంటే నల్లది. కానీ దానికి ఉపగ్రహాలూ అవీ ఏం లేవు, మొత్తం మీ చేతిలోనే. ఎవరికైనా అయితే తెల్లదే తీసుకోమంటాను. మొదటిసారి కొనేవాళ్ళకి భయం ఉంటుంది కదా.”

“నాకేం భయం?” అంది ఆమె, అవసరమైనదానికంటే గట్టిగా.

భర్త ఆమెకేసి ఒక చూపు చూసి, తెల్లదాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. దర్జీ పని చేసేవాడు కదా, ఏ వస్తువు పట్టుకున్నా కుట్టు తిరగేసి చూసినట్టే చూస్తాడు. “ఇది వెనక్కి వస్తుందట. నాకిది నచ్చింది,” అన్నాడు.

“మీకేంటండీ నచ్చేది, ఎగరేసేది నేను.”

ఎటూ తేలలేదు. తన చొక్కాలన్నీ కుట్టింది ఈ భర్తే కాబట్టి, కొట్టతను రెండూ తీసుకెళ్ళి ఆదివారం ఖాళీ జాగాలో ఎగరేసి చూసి, ఒకటి ఉంచుకుని ఇంకోటి తెచ్చిమ్మన్నాడు. విరిగితే మాత్రం బాగుచేయించే పూచీ మీదేనని రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ ఆమె వైపే చూస్తూ.

స్టోరు గదికి కిటికీ లేదు. ఉన్నది ఒక తలుపూ, తలుపుకి అడ్డంగా ఒక బల్లా. బల్ల మీదికి వంగి మెడ తిప్పితే క్రేను కింది భాగం మాత్రం కనబడుతుంది. పైన ఏం జరుగుతోందో చూడాలంటే బయటికి రావాలి. ఆమె పొద్దుటినుంచీ ఏదో వంకతో బయటికి వస్తూనే ఉంది. గుమ్మం ఊడ్చింది. ఊడ్చిన గుమ్మాన్నే మళ్ళీ ఊడ్చింది. కొత్తగా వచ్చిన క్రేను ఆపరేటరు కొక్కేన్ని దించేటప్పుడు చివర్లో కుదుపు వస్తోంది. అది చూసినప్పుడల్లా ఆమె కుడి మణికట్టు దానంతటదే మెత్తగా వెనక్కి వంగుతోంది.

“అమ్మాయ్, బ్యాటరీలు,” అంటూ బాబాయి వచ్చాడు.

అతను సిగ్నలు మనిషి. చుట్టరికం ఏమీ లేదు, సైటులో అందరికీ బాబాయే. క్రేను మీద కూర్చున్నవాళ్ళకి భవనం వెనక ఏం జరుగుతోందో కనబడదు. అక్కడ బరువు దించాలంటే సిగ్నలు మనిషి దాని పక్కనే నిలబడి రేడియోలో చెబుతూ ఉండాలి. చెప్పడం అంటే ఒకసారి చెప్పి ఊరుకోవడం కాదు. దించాలంటే దించు, దించు, దించు అని ఊపిరాడకుండా అంటూనే ఉండాలి. ఆ గొంతు ఆగితే పైన చెయ్యి ఆగాలి. ఆమె క్రేను ఎక్కిన మొదటి వారం ఈ బాబాయే నేర్పాడు.

ఆమె కొత్త బ్యాటరీలు తీసి తనే రేడియోలో వేసి, మీట నొక్కి చూసి ఇచ్చింది. అతను అడిగినా అడక్కపోయినా రోజూ అలాగే వేసి ఇస్తోంది. అల్మరా నిండా కొత్త బ్యాటరీలే. తను క్రేను దిగాల్సి వచ్చిన ఆ రోజు ఇందులోంచి ఒక్క జత ఇవ్వడానికి సూపర్‌వైజరుకి చేతులు రాలేదు. పాతవే ఇంకో రెండు రోజులు వస్తాయన్నాడు.

“సూపర్‌వైజరు నీతో మాట్లాడాడా?” అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

“ఏం మాట్లాడాలి?”

జవాబు చెప్పే అవసరం లేకపోయింది. ఆ సూపర్‌వైజరే బల్ల దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు ఎప్పుడూ లేనిది బల్ల మీద మోచేతులు ఆన్చి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. అడిగి, జవాబు వినకుండానే అసలు సంగతికి వచ్చాడు.

“సోమవారం పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారు. ఆ రోజు కాంక్రీటు బక్కెట్టు గాల్లో ఎందుకు ఆగిపోయిందని అడుగుతారు. బక్కెట్టులోనే గడ్డకట్టిపోయింది కదా, ఉలితో కొట్టించాల్సి వచ్చింది. పనంతా వెనకపడింది.”

“బాబాయి గొంతు ఆగింది, నేను ఆపాను. మీకు చెప్పాను కదండీ.”

“అదే చెబితే రేడియో ఎందుకు ఆగిందంటారు, బ్యాటరీ ఎవరు ఇవ్వలేదంటారు, గోరంత విషయం కొండంత అవుతుంది. నువ్వు ఒక్క మాట అను. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, కాస్త భయమేసింది, చెయ్యి ఆడలేదు అను. మనిషన్నాక భయం వేయదా? ఆయనా ఏమీ అనరు. వచ్చే నెలనుంచి నిన్ను మళ్ళీ పైకి ఎక్కిస్తాను. ఈ కొత్తతన్ని వేరే సైటుకి పంపేస్తాం.”

మళ్ళీ పైకి అన్న మాట చెవిన పడగానే, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమె గుండె ఎగిరి గంతేసింది. సూపర్‌వైజరు అది కనిపెట్టినట్టే బల్లని రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

“అనెయ్యి అమ్మాయ్,” అన్నాడు బాబాయి. “ఏం పోయింది మనకి? నీ చెయ్యి మీద నాకున్న నమ్మకం ఈ కొత్తతని మీద కుదరడం లేదు. బరువు కింద నిలబడేది నేను కదా.”

“అబద్ధం చెప్పమంటావా?”

“అబద్ధమేనా?” అన్నాడు అతను. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు. “ఆ రోజు గాలికి క్రేను ఊగిపోతోంది. కిందినుంచి అందరూ అరుస్తున్నారు. నీకేం అనిపించిందో నాకేం తెలుసు? నా చేతిలో రేడియో చచ్చిపోయి ఉంది.”

బాబాయి వెళ్ళాక ఆమె అల్మరా తలుపు మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. అబద్ధమేనా? నెల రోజులుగా లోపల దొలుస్తున్నది సరిగ్గా అదే. కాళ్ళు వణికిన మాట నిజం. నోరెండిపోయిన మాట నిజం. చెయ్యి ఆగింది గొంతు ఆగినందుకా, కాళ్ళు వణికినందుకా? ఏది ముందు, ఏది తర్వాత? ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఆ క్షణం చేతికి చిక్కడం లేదు. భయపడే ఆపి ఉంటే సూపర్‌వైజరు చెప్పమన్నది అబద్ధమే కాదు. చెప్పేసి, హాయిగా పైకి ఎక్కి కూర్చోవచ్చు.

ఇంట్లోనూ కాలు నిలవలేదు. ముందుగదిలో భర్త కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తున్నాడు. ఆమె బల్ల మీద రెండు డ్రోన్లూ పక్కపక్కన పెట్టి, ఇందులోంచి కాసేపు బ్యాటరీ తీసి, అందులోంచి కాసేపు తీసి, ఛార్జింగు పెట్టి, దీపం రంగు మారిందా లేదా అని నిమిషానికోసారి చూస్తోంది. ఆఖరికి రెండు దారపు ఉండలు తెచ్చి బల్ల మీద నిలబెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో బొటనవేలు ఆన్చి, ఎడమచేత్తో ఎత్తడం, ఎడమచేత్తో దించడం మొదలుపెట్టింది.

“ఆ ఎర్ర దారం నాకు కావాలి,” అన్నాడు భర్త.

“ఉండండి. గాల్లో ఉంది అది.”

అతను నవ్వి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, నల్లదారంతోనే కుట్టు మొదలుపెట్టాడు. కాసేపటికి మిషను ఆపి, గుండుసూదులు తీసి అరచేతిలో పెట్టుకుని, “ఏం నిర్ణయించావు?” అన్నాడు.

“నల్లదే. బొమ్మ ఎంత బాగా వస్తోందో చూడండి.”

“నేనడిగింది సోమవారం సంగతి.”

ఆమె ఎడమచేతి దారపు ఉండని మెల్లిగా తనవైపు వంచింది. తర్వాత అంది, “మీరైతే ఏం చెబుతారు?”

“నన్నడిగితే న్యాయం కాదు. నాకు నువ్వు కిందే ఉంటే బాగుంటుంది.” అతను అరచేతిలోని గుండుసూదులకేసి చూశాడు. “గాలి వీచిన రోజు నాకు కుట్టు వంకర పోయేది. నీకెప్పుడూ చెప్పలేదు. ఎంతమంది బట్టలు విప్పి మళ్ళీ కుట్టానో. ఈ నెల రోజులూ ఒక్కటీ విప్పలేదు.”

“మరి సంతోషంగా ఉన్నారా?”

“కుట్లు తిన్నగా వస్తున్నాయి. నువ్వు మాత్రం ఇలా ఉన్నావు,” అని ఆమె బొటనవేళ్ళకేసి చూపించాడు. “పైకి పోతే నాకు నిద్ర ఉండదు, కింద ఉంటే నీకు ఉండదు. ఎవరో ఒకరికి ఉండకపోతే ఫరవాలేదు కానీ, భయపడ్డాను అని నీ నోటితో నువ్వు చెప్పుకుని పైకి పోతే, ఆ తర్వాత పైన కూర్చుని ఏమనుకుంటావు?”

“నిజంగానే భయపడ్డానేమోనండీ.”

అతను గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అవి నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడనక్కర్లేదు. అతనికి అదొక సౌకర్యం.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ మూతపడ్డ గోదాముల దగ్గరికి వెళ్ళారు. విశాలమైన జాగా. ఒక పక్క వరసగా గోదాములు, వాటి వెనక ఇళ్ళు. గాలి మరీ గట్టిగా లేదు, అలాగని ఊరుకునీ లేదు. ఆమె ఫోనుని రిమోటుకి తగిలించి ముందు నల్లదాన్నే లేపింది. ఎడమచేత్తో. లేచింది!

దారపు ఉండల మీద చేసిన సాధన ఊరికే పోలేదు. మొదట అటూ ఇటూ తూలినా, కాసేపటికి నల్లది ఆమె చెప్పినట్టు వినసాగింది. ఫోనులో గోదాముల రేకుల పైకప్పులు కనబడ్డాయి. తుప్పు మరకలు, ఎవరో పైకి విసిరేసిన పాత చెప్పు, నీళ్ళ ట్యాంకులు, ఇళ్ళ మధ్య సందుల్లో సైకిళ్ళు. ఇంకాస్త ఎత్తితే అల్లంత దూరాన సైటు, సన్నగా నిలబడ్డ క్రేను. కింద మనుషులు చీమల్లా కనబడే ఆ చూపు కోసం ఆమె ప్రాణం నెల రోజులుగా కొట్టుకుంటోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త చూడకుండా భుజంతో తుడుచుకుంది.

“ఏం కనబడుతోంది?” అన్నాడు భర్త.

“అన్నీ!”

ఆ సంబరంలో నల్లదాన్ని గోదాము అవతలికి పోనిచ్చింది. ఫోనులో బొమ్మ ఒక్కసారి గళ్ళుగళ్ళుగా అయి, ఒక గోడ దగ్గర బిగుసుకుపోయింది. పుల్ల కదిపినా బొమ్మ కదలదు. డ్రోను మోత మాత్రం వినబడుతూనే ఉంది.

“ఏవండీ, ఆ మూలకి వెళ్ళి చూడండి, త్వరగా!”

భర్త గోదాము మూలకి పరిగెత్తాడు. అక్కణ్ణుంచి అతనికి డ్రోనూ కనబడుతోంది, ఆమె కూడా కనబడుతోంది. ఆమెకి డ్రోను కనబడదు. “ఉంది, ఉంది! ఇళ్ళ పక్కన ఉంది. మన వైపే తిరిగి ఉంది.”

“నేను మెల్లిగా తెస్తాను. సరిగ్గా వస్తున్నంతసేపూ రా, రా అంటూనే ఉండండి. మధ్యలో నోరు మూయకండి.”

“రా,” అన్నాడు భర్త మొహమాటంగా. మిషను ముందు కూర్చుంటే పూటకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. “రా, రా, రా, రా…”

ఆమె కుడి పుల్లని వెంట్రుకవాసి ముందుకి తోసింది. అతని గొంతు మొహమాటం తీరి సాగింది. రా, రా, రా. ఆమె కళ్ళు బిగుసుకుపోయిన బొమ్మని వదిలేసి ఎదురుగా ఉన్న రేకుల్ని చూస్తున్నాయి గానీ నిజానికి దేన్నీ చూడడం లేదు. వినడమే చూడడం. ఎన్నాళ్ళయింది ఇలా విని!

గొంతు ఆగింది.

ఆమె రెండు బొటనవేళ్ళూ పుల్లల మీంచి లేచిపోయాయి.

లేచిపోయాక ఆమె వాటిని చూసుకుంది. కాళ్ళు నేలమీద ఉన్నాయి. వణకడం లేదు. ఊగే గది లేదు, కింద అరిచేవాళ్ళు లేరు, పడితే ఎవరి నెత్తిమీదో పడే బక్కెట్టు లేదు. అవతల ఉన్నది గుప్పెడు ప్లాస్టిక్కు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది. భయం అన్నదే లేదు. అయినా చెయ్యి ఆగింది. ఆమెని అడక్కుండానే ఆగింది.

అవతల్నుంచి ఫట్‌మని చప్పుడూ, ఎవరో ఆడమనిషి కేకా వినబడ్డాయి.

జరిగింది ఇది. ఒక ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ డ్రోనుని చూసి, “ఏమండీ, అది మీదేనా? మా ఇంట్లోకి తొంగి చూస్తోందేంటి?” అని అడిగింది. మర్యాదస్తుడైన భర్త జవాబు చెప్పడానికి ఆవిడ వైపు తిరిగాడు. నల్లదానికి ఆగడం తెలియదు. చేతులు వదిలేస్తే గాలి ఎటు తోస్తే అటు పోవడమే దానికి తెలిసిన విద్య. పోయి పోయి ఆవిడ ఆరేసిన తడి దుప్పట్లో చుట్టుకుంది.

ఇద్దరూ మేడ ఎక్కి క్షమాపణలు చెప్పి, ఆవిడ ముఖం మాడ్చుకుని చూస్తుండగా దుప్పటి మళ్ళీ పిండి ఆరేసి, డ్రోనుని తెచ్చుకున్నారు. రెండు రెక్కలు విరిగాయి.

“నాదే తప్పు. నోరు మూయొద్దన్నావు, మూశాను,” అన్నాడు భర్త దిగాలుగా. “కొట్టతనికి రెండు చొక్కాలు ఊరికే కుట్టి ఇస్తాలే.”

ఆమె నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ గోదాము మెట్టు మీద కూలబడింది. అతను కంగారుపడి పక్కన కూర్చున్నాడు.

“నాకు భయం వెయ్యలేదండీ.”

“ఎందుకు వేస్తుంది, బొమ్మే కదా.”

“అదే చెబుతున్నా! బొమ్మే. భయం లేదు. అయినా చెయ్యి ఆగింది. ఆ రోజూ అంతే అయ్యుంటుంది. ముందు చెయ్యి ఆగింది. బక్కెట్టు గాల్లో ఉండిపోయింది, అందరూ అరిచారు, అప్పుడు వణికాను. భయం వెనకాల వచ్చిందండీ. ముందు రాలేదు.” ఆమె బొటనవేళ్ళు రెండూ అతని ముఖం ముందు ఆడించింది. “నెలనుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నా.”

అతను ఆ వేళ్ళని పట్టుకున్నాడు.

తర్వాత తెల్లదాన్ని లేపింది. గోదాము అవతలికే పంపింది, ఇళ్ళకి దూరంగా. భర్తని మూల దగ్గర నిలబెట్టి, ఈసారి తనకి చెప్పకుండా ఎక్కడో ఒకచోట నోరు మూయమంది. అతను రా, రా అంటూ, ఆమెకేసి దొంగచూపులు చూస్తూ, ఉన్నట్టుండి మూశాడు. ఆమె వేళ్ళు లేచాయి. పరిగెత్తుకుంటూ మూలకి వచ్చి చూసింది. తెల్లది గాలికి చిన్నగా వణుకుతోంది గానీ ఉన్నచోటు వదల్లేదు. మళ్ళీ మాట వినబడేదాకా నిలబడడం తెలిసిన యంత్రం. మొన్న కొట్టు వెనక దీన్ని చులకన చేసినందుకు ఆమెకి మనసులో నొచ్చింది.

“బొమ్మ కాస్త మసగ్గా వస్తుంది మరి,” అన్నాడు భర్త.

“రానివ్వండి.”

సోమవారం పెద్ద ఇంజనీరు వచ్చాడు. మంచివాడో చెడ్డవాడో పోల్చుకునేంతసేపు ఎవరి దగ్గరా ఆగే మనిషి కాదు. సైటు ఆఫీసులో నిలబడే మాట్లాడుతున్నాడు. సూపర్‌వైజరు ఆమెని పిలిపించి, కళ్ళతోనే ధైర్యం చెప్పాడు.

“ఆ రోజు ఎందుకు ఆపారమ్మా?”

“గొంతు ఆగింది సార్. ఆపాను.”

“గాలికి కాస్త కంగారుపడింది సార్, పాపం,” అన్నాడు సూపర్‌వైజరు నవ్వుతూ.

“పడ్డాను సార్. ఆపాక పడ్డాను. రేడియోలో బ్యాటరీ అయిపోయింది, మాట రాలేదు. రానప్పుడు ఆపాలి. రేపు అలా అయినా ఆపుతాను.”

ఇంజనీరు ఒకసారి సూపర్‌వైజరు వైపు, ఒకసారి చేతి గడియారం వైపు చూసి, “సరే, మీరు వెళ్ళండి,” అన్నాడు. ఆమె గుమ్మం దాటకముందే లోపల టైల్స్ ఎందుకు రాలేదన్న మాట మొదలైంది. అంతే. పిడుగులు పడలేదు, ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు. మధ్యాహ్నం సూపర్‌వైజరు స్టోరు ముందునుంచి పోతూ, ఆగకుండానే, “ఉండు అయితే, ఇక్కడే తొడుగులు లెక్కపెట్టుకుంటూ ఉండు,” అని పోయాడు. బాబాయి బ్యాటరీల కోసం వచ్చి, వేయించుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అలిగాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. నిజం చెప్పాక తేలిగ్గా ఉంటుందనుకుంది. తేలిక సంగతి ఏమో గానీ, బల్ల మీదికి వంగి మెడ తిప్పినప్పుడు క్రేను కింది భాగం మాత్రమే కనబడడం ఇవాళ మరీ కష్టంగా ఉంది. ఇంక ఎప్పటికీ ఇంతే. తెల్లదీ వద్దు నల్లదీ వద్దు, ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటే చాలనిపించింది.

భోజనాల వేళ అయ్యాక కొత్త ఆపరేటరు వచ్చాడు. ఇన్నాళ్ళలో అతను స్టోరుకి రావడం ఇదే మొదలు. ఏది కావాలన్నా ఎవరిచేతో తెప్పించుకునేవాడు, బహుశా ఆమె ముఖం చూడలేక. ముప్పై దాటిన మనిషే, అయినా బల్ల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

“తొడుగులు కావాలండీ.”

ఆమె ఒక జత తీసి ఇచ్చింది. అతను వాటిని వేసుకోలేదు, వెళ్ళనూ లేదు.

“పొద్దున ఆఫీసు బయట ఉన్నానండీ. మీరన్నది విన్నాను. గొంతు ఆగితే ఆపాలా?”

“ఆపాలి. నీకెవరూ చెప్పలేదా?”

“మొదటి రోజే చెప్పారండీ. గొంతు ఆగినా నువ్వు మాత్రం ఆపొద్దు, వెనకటావిడ భయపడి అలాగే ఆపింది, పనంతా పాడైంది, నువ్వు దించుకుంటూ పో అన్నారు సూపర్‌వైజరుగారు.” అతను తొడుగుల్ని నలుపుతున్నాడు. “నేను అలాగే చేస్తున్నాను. రెండుసార్లు మధ్యలో బాబాయి మాట తెగింది. దించేశాను. అదృష్టం, ఏమీ కాలేదు.”

మాట తెగిన ఆ రెండుసార్లూ బరువు కింద నిలబడి ఉన్నది బాబాయి. తన మాట పైకి చేరలేదని గానీ, ఆపొద్దన్నారని గానీ ఆ మనిషికి తెలియదు. తెలియకే, అనెయ్యి అమ్మాయ్, ఏం పోయింది మనకి అన్నాడు. తనూ అనేసేదే. భయపడే ఆపానని పెద్ద ఇంజనీరు ముందు ఒప్పుకుని ఉంటే, ఇక ఎవరు వచ్చినా ఈ సైటులో అదే పాఠం నేర్చుకునేవాళ్ళు.

“విను,” అంది ఆమె. బల్ల మీదికి వంగింది. “మాట ఆగితే చెయ్యి ఆగాలి. దగ్గు వచ్చి ఆగినా, తుమ్ము వచ్చి ఆగినా, బ్యాటరీ పోయి ఆగినా సరే.”

“ఎంతసేపు ఆపాలండీ?”

“మళ్ళీ వినబడేదాకా.”

“కింద అందరూ అరుస్తారు కదండీ.”

“అరుస్తారు. కాళ్ళు కూడా వణుకుతాయి. వణకనీ. చెయ్యి మాత్రం కదలకూడదు.”

అతను తల ఊపి, తొడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. ఆమె ఇంక వంకలేవీ వెతుక్కోలేదు. బల్ల పక్కకి జరిపి బయటికి వచ్చి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. అతను నిచ్చెన ఎక్కి పైకి, ఇంకా పైకి పోయి గదిలో దూరాడు. క్రేను తిరిగింది. ఇనుప కడ్డీల కట్ట ఒకటి భవనం మీదుగా వెనక్కి దాటింది. కట్ట ఇక్కణ్ణుంచి కనబడదు. పైనుంచి కిందికి జారే తీగ మాత్రం కనబడుతుంది.

స్టోరులో ఉన్న ఇంకో రేడియోలోంచి బాబాయి గొంతు వినబడుతోంది. అలకలో ఉన్నా పని పనే. “దించు, దించు, దించు, దించు…”

తీగ దిగుతోంది.

“దించు, దించు, దిం…”

బాబాయికి దగ్గు తెర వచ్చినట్టుంది. రేడియోలో చిన్న గరగర, ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె కుడి మణికట్టు గాల్లోనే బిగుసుకుంది.

తీగ ఆగింది.

ఎవరో కింద ఏంటి ఆగిందని కేకేశారు. ఇంకెవరో అందుకున్నారు. సూపర్‌వైజరు ఆఫీసులోంచి బయటికి వచ్చి పైకి చూస్తూ చేతులు ఊపాడు. తీగ కదల్లేదు.

బాబాయి దగ్గు తీరి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టబోయి, కాసేపు ఊరుకున్నాడు. పైకి చూస్తున్నాడు కాబోలు. తర్వాత మెల్లిగా అందుకున్నాడు. “దించు, దించు…”